చీకట్లో అరగంట

వెలుగు సోకితే నీళ్లలోని మందుల అణువులను విరగ్గొట్టే పసుపు రంగు పొడి ఒకటి చేశాను. దాని మీద నాకు మొదట్లో కాస్త గర్వం కూడా ఉండేది. మూత పెట్టిన క్రూసిబుల్‌లో (అధిక వేడిని తట్టుకునే చిన్న పాత్రలో) యూరియాను 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేస్తే వచ్చే గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ అది. ఇలాంటి పనికి మామూలుగా వాడే టైటానియం డయాక్సైడ్‌ను ఉత్తేజపరచాలంటే అతినీలలోహిత కాంతి కావాలి, ఎండలో అది సుమారు 5 శాతమే. ఈ పొడికి కంటికి కనిపించే నీలి కాంతి చాలు.

టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన నీళ్లలో పొడి వేసి, దీపం వెలిగించి, గంట తర్వాత చూశాను. ఆ మందు కాంతిని పీల్చుకునే 357 నానోమీటర్ల దగ్గర గ్రాఫులో ఉండాల్సిన శిఖరం దాదాపు చదునైపోయింది. గ్రాఫు పట్టుకుని పరుగున వెళితే మా గైడు ఒకటే అడిగారు: “చీకట్లో ఎంత తగ్గింది?”

చూడలేదు.

మర్నాడు బీకరుకు అల్యూమినియం రేకు చుట్టి అరగంట కలియబెట్టాను. దీపం వెలగకుండానే మందు బాగానే తగ్గింది. అది నశించలేదు, పొడికి అంటుకుంది, అంతే. తర్వాత పొడి లేకుండా వెలుగు మాత్రమే పెట్టాను. టెట్రాసైక్లిన్ వెలుగుకే కొంత విరిగిపోతుందట! రెండూ తీసేస్తే నా ఘనకార్యం సగానికి సగం కరిగిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగిలిన సగమైనా నిజమేనా? శిఖరం పోయినంత మాత్రాన అణువు పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారినట్టు కాదు. మొత్తం సేంద్రియ కార్బన్ కొలిస్తే ఎక్కువ భాగం అలాగే ఉంది. అంటే అణువు ముక్కలైంది, ముక్కలు నీళ్లలోనే ఉన్నాయి. ఆ ముక్కలకు ఇంకా మందు గుణం ఉంటే? నీళ్లలో మిగిలే కొద్దిపాటి యాంటీబయాటిక్ కూడా మందుకు లొంగని బ్యాక్టీరియాకు ఊతమిస్తుంది. అందుకే ఇ.కోలై పెంచిన అగార్ పళ్లెంలో, శుద్ధికి ముందరి నీటితో ఒకటి, తర్వాతి నీటితో ఒకటి, తడిపిన కాగితపు బిళ్లలు పెట్టాను. మొదటి దాని చుట్టూ బ్యాక్టీరియా లేని వలయం స్పష్టంగా ఏర్పడింది. రెండో దాని అంచు దాకా బ్యాక్టీరియా పెరిగింది. బ్యాక్టీరియా పెరిగినందుకు అంతగా సంబరపడ్డది అదే మొదటిసారి.

అసలైన మురుగునీటితో చేస్తే వేగం బాగా పడిపోయింది. అందులోని సేంద్రియ పదార్థాలు కాంతిని మింగుతాయి, పొడి ఉపరితలాన్నీ ఆక్రమిస్తాయి. పైగా వాడిన పొడిని తిరిగి వడగట్టిన ప్రతిసారీ కొంత పోయేది. చివరికి గాజుపూసల మీద పూతగా అంటించాను. పని నెమ్మదించింది గానీ, కనీసం పొడి నీళ్లలో మిగలడం లేదు. ఇప్పుడు ఆ పూసలతో మళ్లీ చీకటి అరగంట నుంచే మొదలుపెట్టాను.