తిరిగే కెమెరా పెట్టించా, వారం రోజులు కుక్కనే చూసింది

బెంగళూరు పీణ్యలో మాది చిన్న జాబ్ వర్క్ షెడ్డు, ఇత్తడి పార్టులు టర్నింగ్ చేస్తాం. మిగిలిన తుక్కు వెనకాల గోనెసంచుల్లో కట్టిపెట్టి నెలాఖరుకి తూకం వేసి అమ్ముకుంటాం. మొన్నామధ్య రెండు నెలలు వరసగా తూకంలో తేడా వచ్చింది, మొదటిసారి 30 కిలోలు, రెండోసారి 40 పైనే. కదలకుండా ఒకవైపే చూసే బుల్లెట్ కెమెరాలు నాలుగున్నాయి కదా అని రికార్డింగ్ మొత్తం తిరగేస్తే ఒకరోజు రాత్రి గోడ మీద ఒక చెయ్యి కనపడింది, అంతే, ఇంకేం లేదు. మా కెమెరాలు ఎంతవరకు చూస్తాయో వచ్చినోడికి మాకంటే బాగా తెలుసు, రెండింటికీ మధ్యలో ఉన్న సందులోంచే దూకాడు.

సరే ఇంకో రెండు తగిలిద్దామని ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డుకెళ్ళా. కొట్టాయనతో నేను కన్నడంలో మొదలుపెడితే ఆయన తెలుగులో అందుకున్నాడు, కడపాయనంట. "అన్నా, ఎన్ని వేసినా సందులు పూడతాయి గానీ మొహం తెలీదు, ఒక పీటీజెడ్ వెయ్యి" అన్నాడు. అంటే పక్కలకి తిరుగుద్ది, పైకీ కిందకీ వంగుద్ది, జూమ్ చేస్తుంది. కొట్లోంచే రోడ్డు చివర ఆగున్న ఆటో మీదకి తిప్పి నంబర్ ప్లేట్ చూపించాడు, దాంతో నేను పడిపోయా. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాడు, ఆప్టికల్ జూమ్ ఎంతుందో చూసి కొను, డిజిటల్ జూమ్ అంకె చూసి మోసపోకు అని. డిజిటల్ అంటే ఫోన్లో ఫొటోని వేళ్ళతో లాగినట్టే, మసకే పెద్దదవుద్ది. ఆప్టికల్‌లో లోపల లెన్సే కదులుద్ది. 25ఎక్స్ ఆప్టికల్ ఉన్నది తీసుకున్నా.

అసలు తిప్పలు ఆ తర్వాతే మొదలైనయ్. పగలంతా బ్రహ్మాండంగా తిరిగేది, చీకటి పడగానే ఆగిపోయి మళ్ళీ ఆనయ్యేది, రాత్రికి పది సార్లు. కెమెరాలో లోపమనుకుని వెనక్కిచ్చేద్దామనుకున్నా. చూస్తే మా ఎలక్ట్రీషియన్ బుల్లెట్ కెమెరాలకున్న పాత పీఓఈ స్విచ్చికే (నెట్‌వర్క్ కేబుల్లోనే కెమెరాకి కరెంటు కూడా పంపే డబ్బా) దీన్నీ తగిలించాడు. ఆ స్విచ్చి ఒక్కో పోర్టుకి ఇచ్చేది 15.4 వాట్లు, రాత్రి చీకట్లో చూడ్డానికుండే ఐఆర్ లైట్లు వెలిగి పైగా మోటార్ కూడా తిరిగేసరికి అది చాలట్లేదు. 30 వాట్లిచ్చే పీఓఈ ప్లస్ స్విచ్చి మార్చాక ఒక్కసారి కూడా ఆగలేదు. ఎవరైనా వేయించుకుంటే ముందు ఇది అడగండి సామీ.

తర్వాత ఆటో ట్రాకింగ్ ఆన్ చేశాం, కదిలిందాన్ని వెంబడిస్తుందన్నమాట. వారం తర్వాత రికార్డింగ్ చూస్తే మొత్తం మా వీధికుక్కే! అది గోడ పక్కన నడిస్తే కెమెరా దాని వెనకే, అది గేటు దగ్గర కూర్చుని గోక్కుంటుంటే జూమ్ చేసి మరీ చూస్తా ఉంది, వెనకాల తుక్కు వైపు గంటసేపు దిక్కులేదు. తిరిగే కెమెరాతో వచ్చే చిక్కే ఇది, ఒకవైపు చూస్తుంటే రెండోవైపు గుడ్డిది. మనుషులు, బండ్లు మాత్రమే పట్టుకునేలా ఫిల్టర్ పెట్టించా. పాత బుల్లెట్లు తీసేద్దామనుకున్నవాణ్ణి ఆగి, వాటిలో రెండింటిని సందు వైపు జరిపించి స్క్రీన్ మీద గోడ పొడుగునా ఒక గీత గీయించా, ఎవరైనా ఆ గీత దాటితే ఎన్వీఆర్ (రికార్డింగ్ డబ్బా) పీటీజెడ్‌ని నేరుగా ఆ మూలకి తిప్పుద్ది, అలా ముందే గుర్తుపెట్టించిన చోటుని ప్రీసెట్ అంటారు. కదలని కళ్ళు కాపలా కాస్తే కదిలే కన్ను మొహం పట్టుకోవాలి, నాకు ఇది అర్థమయ్యేసరికి నెల పట్టింది.

ఈ లోపల పక్క పీజీ హాస్టల్ ఓనరమ్మ వచ్చి అరిచింది, మీ కెమెరా మా పిల్లల బాల్కనీ వైపు తిరుగుతోందని. ఆమె అన్నది న్యాయమే. ఆ భాగం నల్లగా కనపడేలా ప్రైవసీ మాస్క్ వేయించి, ఆమెని పిలిచి స్క్రీన్ మీద చూపించా. కాఫీ తాగి వెళ్ళింది. అప్పుడే గుర్తొచ్చి ఫిట్టింగ్ పిల్లోడు పెట్టిన పాస్‌వర్డ్ కూడా మార్చా, ఎంత వీజీదో చెప్తే నవ్వుతారు.

ఒకరోజు రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. చూస్తే వెనక మూల, గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని ఒకడు, చేతిలో ఖాళీ గోతం. కెమెరా తిరిగి తెల్ల లైటు వెలిగేసరికి తలెత్తి నేరుగా దాని వైపే చూశాడు, చూసి అటే దూకేశాడు. మొహం మాత్రం స్పష్టంగా పడింది, ఎడమ కనుబొమ్మ మీద గాటుతో సహా. స్టేషన్‌లో కంప్లైంట్‌తో పాటు పెన్‌డ్రైవ్ ఇచ్చా. ఇది కోర్టుకి పోతే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలంట, మాకు తెలిసిన లాయరు చెప్పాడు, అందుకని ఎన్వీఆర్‌లో అసలు రికార్డింగ్ చెరిగిపోకుండా లాక్ చేసిపెట్టా.

మొన్న నెలాఖరుకి తూకం వేస్తే తేడా కిలోన్నర. అది తుక్కులో ఉన్న కూలెంట్ కారిపోయింది లెండి అంటున్నాడు మా ఫోర్‌మన్.