తాత కుర్చీకి వేడి జిగురు

మా తిరుపతి ఇంట్లో తాత వాడిన టేకు కుర్చీ కాళ్లు ఊగుతుంటే ఈ మే నెలలో విప్పి బాగు చేశాను. పశువుల తోలు నుంచి తీసే పాతకాలపు జిగురు వాడాను. గింజల్లా ఉండే ఆ జిగురును చన్నీళ్లలో నానబెట్టి, నీళ్లగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. వేడి 60 డిగ్రీల దగ్గరే ఉండాలి, మరిగిస్తే పట్టు తగ్గిపోతుంది. వాసన సంగతి అడక్కండి. అమ్మ నన్ను స్టవ్వుతో సహా పెరట్లోకి పంపేసింది.

నాకు బాగా నచ్చింది విప్పడం. కుర్చీలో పాత జిగురు కూడా ఇదే రకం కాబట్టి వేడి, తడి తగిలేసరికి అతుకులు మెత్తబడి, చెక్క చిట్లకుండా వదిలాయి. పైగా కొత్త జిగురు పాతదాన్ని కరిగించుకుని దానితో కలిసిపోతుంది. అదే ఇప్పటి తెల్ల జిగురైతే, ఎండాక దానిమీద ఇంకేదీ సరిగ్గా పట్టదు. మొత్తం గీకాల్సిందే. పాత సామాను బాగుచేసేవాళ్లు ఇంకా దీన్నే ఎందుకు పట్టుకుని వేలాడతారో అప్పుడు తెలిసింది.

చలిదేశాల్లో చెక్కను ముందు వెచ్చబెట్టుకుంటారు, లేదంటే జిగురు చూస్తుండగానే గడ్డకడుతుంది. మన ఎండల్లో ఆ టెన్షన్ లేదు! చెక్క ముట్టుకుంటేనే కాలుతోంది. కాళ్లు సరిచూసుకుని తాడు బిగించేదాకా తీరిగ్గా టైం దొరికింది.

తేమ మాత్రం దీనికి పడదు. నవంబర్ వానలకు కుర్చీని వరండాలో ఉంచకూడదు. మామ అడుగుతున్న పెరటి బల్లకైతే వాటర్‌ప్రూఫ్ జిగురే వాడతాను.