మౌస్ సెన్సర్‌ను స్కేలుతో కొలవండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, గేమింగ్ మౌస్ డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందో చెప్పే అంకె) చూసి డబ్బులివ్వకండి. అది సున్నితత్వం, ఖచ్చితత్వం కాదు. మౌస్ అడుగున ఉండి కదలికను పట్టే సెన్సర్ పేరు అడగండి. పిక్సార్ట్ 3360 అనే సెన్సర్ అయితే 12,000 డీపీఐయే, కానీ సెకనుకు 250 అంగుళాల వేగాన్ని పట్టుకుంటుంది. చాలామందికి అది చాలు.

పరీక్ష ఇలా చేయండి. విండోస్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' (చేతి వేగాన్ని బట్టి బాణం కదలికను మార్చే సెట్టింగ్) తీసేసి, పాయింటర్ వేగం 11 గీతల్లో ఆరో గీత మీద, డిస్‌ప్లే స్కేల్ 100 శాతం దగ్గర ఉంచండి. మౌస్‌ను 400 డీపీఐకి మార్చి, పెయింట్‌ తెరిచి, స్కేలు వెంబడి సరిగ్గా 4 అంగుళాలు జరపండి. కింద కనిపించే బాణం స్థానం అంకె 1,600 పిక్సెల్స్ మారాలి. 1,680 వస్తే 5 శాతం ఎక్కువ. ప్రతిసారీ అంతే వస్తే ఫర్వాలేదు, సెన్సిటివిటీ తగ్గించుకుంటే సరిపోతుంది. ఒకసారి 1,560, ఇంకోసారి 1,670 వస్తే మాత్రం వద్దు.

తర్వాత మౌస్‌ను లావుపాటి పుస్తకం అంచుకు ఆనించి, అదే 4 అంగుళాలు విసురుగా లాగి, మెల్లగా వెనక్కి తెండి. బాణం గుర్తు బయల్దేరిన చోటికి రాకపోతే సెన్సర్ వేగానికి తట్టుకోలేదన్నమాట. ఇది తెర అంచుకు తగలకుండా చేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

షాపులో గాజు కౌంటర్ మీద మాత్రం చూడొద్దు. మంచి సెన్సర్ కూడా అక్కడ తడబడుతుంది. గుడ్డ ప్యాడ్ అడగండి.