అమ్మమ్మకు పెత్రమాస బియ్యం

భాద్రపద బహుళ అమావాస్యను మా తెలంగాణలో పెత్రమాస అంటాం. పోయిన పెద్దలను తలుచుకునే మహాలయ పక్షం పదిహేను రోజుల్లో ఏ తిథికీ వీలుపడని వాళ్లు కూడా ఆ ఒక్కరోజు వదలరు. పొద్దున్నే తలస్నానం చేసి బియ్యం, పప్పు, చింతపండు, నెయ్యి, నాలుగు రకాల కూరగాయలు, దక్షిణ పెట్టి, గోత్రనామాలు చెప్పుకొని అయ్యగారికి ఇస్తారు. "పెద్దలకు బియ్యం ఇచ్చినం" అంటే చాలు, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

మా అమ్మమ్మ పేరున మామయ్య ఇస్తాడు. అయ్యగారు తాతయ్య పేరు, ఆ తర్వాత అమ్మమ్మ పేరు చెప్పిస్తారు. ఆమెను ఒక్కసారి తలిస్తే సరిపోదని నాకు ఏటా అనిపిస్తుంది. ఆమె మాకు అమ్మమ్మ, ఊరికి పంతులమ్మ. మహాలయ తర్పణాల్లో, అంటే పెద్దల పేరున నువ్వుల నీళ్లు వదిలేటప్పుడు, వరుస తల్లిదండ్రులు, తాతముత్తాతలు, మాతామహుల దగ్గర ఆగిపోదు. మేనమామలు, అన్నదమ్ములు, మేనత్తలను దాటి గురువు దాకా, స్నేహితుడి దాకా వెళ్తుంది. రక్తసంబంధం లేని గురువుకూ ఆ నువ్వుల నీళ్లలో వాటా ఉంది. ఆ లెక్కన అమ్మమ్మకు రెండు చోట్ల హక్కుంది, మాతామహిగా ఒకసారి, గురువుగా ఇంకోసారి.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి 11వ అనువాకంలో, చదువు పూర్తయిన శిష్యుడికి ఆచార్యుడు చెప్పే మాటలున్నాయి. "మాతృదేవో భవ, పితృదేవో భవ, ఆచార్యదేవో భవ" అన్నవి అందరికీ నోటికి వచ్చినవే. వాటికి సరిగ్గా ముందు ఈ రెండు వాక్యాలు వస్తాయి:

"స్వాధ్యాయప్రవచనాభ్యాం న ప్రమదితవ్యమ్
దేవపితృకార్యాభ్యాం న ప్రమదితవ్యమ్"

చదువుకోవడంలో, చదువు చెప్పడంలో ఏమరుపాటు వద్దు. దేవకార్యంలో, పితృకార్యంలో ఏమరుపాటు వద్దు. రెండో వాక్యాన్ని మనం గట్టిగానే పట్టుకున్నాం. తిథి దాటిపోతుందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మొదటి వాక్యం గురించి ఎవరికీ ఆ టెన్షన్ ఉండదు. ఈ ఏడు ఎవరికైనా ఏమైనా నేర్పావా అని ఏ పెద్దమనిషీ అడగడు. వేదం మూడు ఋణాలు చెప్పింది. దేవ ఋణం యజ్ఞంతో, పితృ ఋణం సంతానంతో, ఋషి ఋణం బ్రహ్మచర్యంతో, అంటే గురువు దగ్గర చేసే అధ్యయనంతో తీరుతాయంది. చదువు అప్పు తీరేది చదువుతోనే. మామయ్య ఎన్ని బియ్యం ఇచ్చినా అమ్మమ్మ బాకీలో ఒక భాగం అలాగే ఉంటుంది.

అదే శీక్షావల్లిలో, 9వ అనువాకం చివర, ముగ్గురు ఋషుల అభిప్రాయాలు కనిపిస్తాయి. సత్యమే ముఖ్యమన్నాడు రాథీతరుడు. తపస్సే ముఖ్యమన్నాడు పౌరుశిష్టి. నాకుడనే మౌద్గల్యుడు మాత్రం స్వాధ్యాయ ప్రవచనాలే చాలన్నాడు. "తద్ధి తపః, తద్ధి తపః", అదే తపస్సు, అదే తపస్సు అన్నాడు. ఈ మాట నేను పూర్తిగా నమ్ముతాను, ఎందుకంటే అమ్మమ్మను చూశాను.

ఆమె తొంభై దాటి బతికింది. బళ్లో ఉన్నన్నాళ్లు ఒకటో తరగతినే అడిగి తీసుకునేది. పలక పట్టుకోవడం రాని పిల్లతో 'అ' దిద్దించడమే అసలు పని అనేది. రిటైరయ్యాక సాయంత్రాలు మా వాకిలి బడి అయింది. ఎవరింట్లో అక్షరాభ్యాసం జరిగినా ఆమెకు పిలుపు వచ్చేది. పళ్లెంలో బియ్యం పోసి, పిల్ల చూపుడువేలు పట్టుకొని "ఓం నమః శివాయ సిద్ధం నమః" రాయించేది. ఎందరి వేళ్లు పట్టుకుందో. చూపు మందగించాక పుస్తకం పక్కన పెట్టింది గానీ చెప్పడం ఆపలేదు. పద్యం అప్పజెప్పేటప్పుడు ఎవరైనా దీర్ఘం మింగేస్తే, కళ్లు మూసుకొనే "మళ్లొకసారి చెప్పు బిడ్డా" అనేది. దీపం పెట్టి, దండం పెట్టుకొని వెంటనే బయటికి వచ్చేది, పిల్లలు ఎదురుచూస్తున్నారని. ఇంత వయసొచ్చినా జపం చేసుకోదేమని బంధువులు కొందరు నొచ్చుకునేవారు. మౌద్గల్యుడి మాటే ప్రమాణమైతే ఆమె ఆ వాకిట్లో చేసింది తపస్సే. ఆమె అక్షరాలు రాయించింది బియ్యంలో, ఇప్పుడు ఆమె పేరున ఇస్తున్నదీ బియ్యమే. తాంబాళం చూసినప్పుడల్లా నాకు ఇది తట్టక మానదు.

పెత్రమాస సాయంత్రమే బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పెద్దలకు నువ్వుల నీళ్లు వదిలితే, సాయంత్రం నువ్వులు బియ్యప్పిండి, నూకలతో కలిసి గౌరమ్మకు నైవేద్యమవుతాయి. పొద్దున పితృకార్యం, సాయంత్రం దేవకార్యం. స్వాధ్యాయ ప్రవచనాలకూ ఆ రోజున చోటుంది, అది పాటలో ఉంది. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ చుట్టూ ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఏ ఆడపిల్లయినా ఆ పాటలు నేర్చుకున్నది పెద్దల నోటి నుంచే. అమ్మమ్మ సగం పాట పాడి ఆగిపోయేది, మిగతా సగం పిల్లలు ఎత్తుకోవాలని. ఈ మధ్య స్పీకర్లు పెట్టి వాటి చుట్టూ తిరుగుతున్నారు. నాకది చాలా బాధగా ఉంటుంది, స్పీకర్ ఎవరి కోసమూ ఆగదు కదా.

అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పెత్రమాస నాటికి ఇంట్లో పిల్లల్లో ఒకరు అమ్మమ్మ పాడిన పాట ఒకటి మొదలు నుంచి చివరిదాకా నేర్చుకొని, ఆ సాయంత్రం తానే ఎత్తుకోవాలి. ఈసారి మా అక్క కూతురి వంతు. సగం చరణాలు వచ్చాయి, రెండు చోట్ల దీర్ఘాలు మింగేస్తోంది. బియ్యం సంగతి మామయ్య చూసుకుంటాడు. ఆ దీర్ఘాలు సరిచేసే పని నాది.