పప్పుకట్టు పడలేదు, పప్పు పడింది

పేగు జబ్బు ఉన్నవాళ్లు పప్పు తినవచ్చా అని నేను అడిగినప్పుడల్లా నాకు రెండే సమాధానాలు వచ్చాయి. పూర్తిగా మానేయండి అన్నవారు కొందరు, పప్పు వద్దు గానీ పైన తేరిన కట్టు మాత్రం తాగండి అన్నవారు మరికొందరు. చాలా కాలం ఈ రెండు మాటల మధ్యే నలిగిన తరువాత, ఆ రెండింటికీ దాదాపు వ్యతిరేకమైన పద్ధతిలో ఈ రోజు మళ్లీ పప్పు వండుకుని తింటున్నాను. ఇలా వండుకోవచ్చని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నో నెలల బాధ తప్పేది. నాలాగే తడుముకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

నాకున్నది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు వైద్యులు చిన్నపేగు చివరి భాగంలో వచ్చే వాపుగా దీన్ని వివరించారు. ఇది నోటి నుంచి మలద్వారం దాకా జీర్ణవాహికలో ఎక్కడైనా రావచ్చని తరువాత తేలింది. నాకు మాత్రం సరిగ్గా వారు చెప్పిన చోటనే, చిన్నపేగు పెద్దపేగులో కలిసే ముందు భాగంలోనే వచ్చింది. వాపు వచ్చి తగ్గుతూ, మళ్లీ వస్తూ ఉంటే పేగు గోడ మందమై దారి సన్నబడుతుంది. నాకు అలా సన్నబడిందన్న సంగతి ఆ రాత్రి వరకూ ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి అందరితో పాటే పొట్టుతో ఉడికిన మసూర్ పప్పు తిన్నాను. పడుకునే వేళకు బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. అది ఒకేలా ఉండే నొప్పి కాదు. అలలా లేచి, ఊపిరి ఆగిపోతుందేమో అన్నంత పెరిగి, కాసేపు వదిలేసి, ఇక తగ్గిందిలే అనుకునేంతలో మళ్లీ లేచేది. పొట్ట ఉబ్బి, చెయ్యి వేస్తే చర్మం బిర్రుగా తగిలింది. లోపల ఏదో గడగడమంటూ ముందుకు పోవాలని చూసి ఆగిపోతున్నట్టు నాకే వినిపించింది. మొదట తిన్నది వాంతి అయింది, తరువాత ఆకుపచ్చని పసరు వచ్చింది. సాయంత్రం నుంచి విరేచనం లేదు, గ్యాస్ కూడా పోలేదు. మా అక్క నా వీపు మీద చెయ్యి వేసి, "ఊపిరి బిగపట్టకే, వదులు, వదులు" అంటూనే ఉంది. ఆమె గొంతులో వణుకు విన్నాక నాకు అసలు భయం పట్టుకుంది.

అర్ధరాత్రి దాటాక ఆసుపత్రి అత్యవసర విభాగానికి చేరుకున్నాం. డ్యూటీలో ఉన్న డాక్టరు గారు నా పొట్ట మీద చెయ్యి వేయకుండానే, "ఏం తిన్నారు?" అని అడిగారు. పప్పు అన్నాను. "పప్పు తింటే గ్యాస్ రాక ఏమొస్తుందమ్మా?" అని నవ్వి, ఒక ఇంజెక్షన్ రాసి, బయట కూర్చోమన్నారు. విరేచనం, గ్యాస్ రెండూ ఆగిపోయాయని అక్క రెండుసార్లు చెప్పినా ఆయన తల ఎత్తి చూడలేదు. ఆ బెంచీ మీద గంటలు గడిచాయి. అక్క ఒడిలో తల పెట్టుకుని, నాకు తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా తలుచుకున్నాను. ఆ ప్రార్థన వృథా పోలేదనే ఇప్పటికీ నమ్ముతాను, ఎందుకంటే తెల్లవారుజామున డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నన్ను చూసీ చూడగానే నా పక్కన కూర్చుని, పొట్ట నొక్కి చూసి, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "ఈవిడని ఇంతసేపు ఇక్కడ కూర్చోబెట్టారా?" అని గట్టిగా అడిగారు.

ఆ నవ్వును నేను క్షమించలేదు, క్షమించాలని ప్రయత్నించడమూ లేదు. అలలుగా వచ్చే నొప్పి, ఉబ్బిన పొట్ట, పసరు వాంతి, గ్యాస్ పోకపోవడం, ఈ నాలుగూ కలిసి వస్తే పేగులో అడ్డు ఏర్పడిందేమోనని ముందుగా అనుమానించాలని వైద్య విద్యార్థులకు కూడా చెబుతారు. పప్పు అనే ఒక్క మాట చెవిన పడగానే ఆయనకు ఇక మిగిలిన మాటలు వినిపించలేదు.

తరువాతి సంగతులు అందరికీ తెలిసినవే. స్కాన్ తీశారు, ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు వేశారు, సెలైన్లు ఎక్కించారు, స్టెరాయిడ్లు ఇచ్చారు, కొలనోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షకు పంపారు, చివరికి వాపును అదుపు చేసే బయోలాజిక్ అనే మందు ఇంజెక్షన్ మొదలుపెట్టారు. అడ్డు పూర్తిగా మూసుకుపోయినది కాకపోవడం వల్లా, సన్నబడటంలో సగానికి పైగా వాపే కావడం వల్లా ఆపరేషన్ అవసరం పడలేదు. నా రోగానికి పేరు పెట్టి, కత్తి పడకుండా నన్ను గట్టెక్కించిన ఆ పెద్ద డాక్టరు గారికి నేను ఎంత చెప్పినా తక్కువే.

ఇంటికి పంపేటప్పుడు పీచు తక్కువగా ఉండే ఆహారమే తినమన్నారు. పొట్టు, గింజలు, తొక్కలు, పచ్చి కూరలు సన్నబడిన చోట చిక్కుకోవచ్చు కనుక ఆ సలహా సరైనదే. పొట్టుతో ఉడికిన మసూర్ పప్పు వంద గ్రాములలో సుమారు 8 గ్రాముల పీచు, 9 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆ పీచే నాకు వద్దన్నది. అమ్మ వెంటనే దారి కనిపెట్టింది. పప్పును మెత్తగా ఉడికించి, కదపకుండా ఉంచి, పైన తేరిన కట్టును పలుచని గుడ్డలో వడగట్టి, ఉప్పు, పసుపు వేసి గ్లాసులో ఇచ్చేది. జబ్బు మనిషికి ఇంతకన్నా తేలికైన ఆహారం ఉండదని ఇంట్లో అందరికీ నమ్మకం, నాకూ నమ్మకమే. అడ్డు మళ్లీ రాలేదు. కానీ కట్టు తాగిన కొన్ని గంటలకల్లా పొట్ట బిగుసుకుని, ఆ రాత్రిలాగే గడగడ మొదలయ్యేది. చెమటలు పట్టి, గ్యాస్ పోయిందా లేదా అని లెక్క చూసుకుంటూ తెల్లవార్లూ మేలుకుని ఉండేదాన్ని.

పరీక్షలలో ఏమీ తేలలేదు. వాపును పట్టిచ్చే మలపరీక్ష, క్యాల్‌ప్రొటెక్టిన్, మామూలు స్థాయికి వచ్చింది. మావారు, అక్క, చివరికి ఒకరిద్దరు వైద్యులు కూడా ఇదంతా భయం వల్లే అన్నారు. భయం ఉన్న మాట నిజమే. అయితే నేను కొలిచి చూసిన నడుము చుట్టుకొలత భయం వల్ల పెరగదు కదా! పప్పే మానేయమని మళ్లీ మొదలుపెట్టారు. మాంసాహారం అలవాటు లేని నాకు పప్పు పోతే మాంసకృత్తులు ఎక్కడివి? అసలే నా పేగులో జబ్బు పడిన భాగమే బి12 విటమిన్‌ను పీల్చుకోవాల్సిన చోటు కావడంతో దానికి వేరే ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను. ఇక పప్పులో దొరికే ఇనుము, ఫోలేట్ అనే విటమిన్ కూడా వదులుకోమంటే ఒప్పుకోలేకపోయాను.

నన్ను ఒడ్డున పడేసింది ఒక డైటీషియన్. నేను తిన్నదీ తాగినదీ వేళలతో సహా రాసుకున్న పుస్తకం ఓపికగా చదివి, "మీకు పడనిది పప్పు కాదండీ, ఆ కట్టు" అన్నారామె. పప్పుల్లో రాఫినోజ్, స్టాకియోజ్ వంటి చక్కెరలు ఉంటాయనీ, వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో ఉండదనీ, అందువల్ల అవి అరగకుండానే పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారు చేస్తాయనీ వివరించారు. ఇది ప్రతి మనిషిలోనూ జరిగేదే, కాకపోతే వాపు వచ్చి పోయిన పేగుకు గ్యాస్ వల్ల కలిగే ఆ సాగుదల నొప్పిగా తెలుస్తుంది. అసలు కీలకం ఏమిటంటే, ఈ చక్కెరలు నీటిలో కరుగుతాయి. పప్పు ఉడుకుతున్నకొద్దీ అవి గింజలోంచి నీటిలోకి దిగుతాయి. అంటే పీచు తప్పించడానికి అమ్మ ఎంతో ప్రేమగా వడగట్టి ఇచ్చిన గ్లాసులోకే నాకు పడని చక్కెర దిగుతూ వచ్చింది.

ఇలా పులిసే చక్కెరలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అంటారు. వీటిని తగ్గించే ఆహార పద్ధతిని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించారు, ఆ పేరు 2005లో వాడుకలోకి వచ్చింది. ఇది క్రోన్స్ వాపును తగ్గించదు. వాపు మందులతో అదుపులోకి వచ్చాక కూడా మిగిలిపోయే ఉబ్బరానికే పనికొస్తుంది. ఈ తేడా తెలియక మందులు మానేసి ఆహారం మీదే ఆధారపడినవారు మళ్లీ ఆసుపత్రి పాలవుతారు కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక వంట సంగతికి వస్తాను. నాకు రెండు నియమాలు ఒకేసారి కుదరాలి: పొట్టు ఉండకూడదు, ఉడికిన నీరు ఉండకూడదు. ఇక్కడే చిక్కు. పొట్టుతో ఉన్న గింజ ఉడికినా ఆకారం చెడదు కనుక నీరు వంపడం తేలిక, కానీ ఆ పొట్టే నాకు వద్దు. పొట్టు తీసిన మసూర్ పప్పేమో కాస్త ఎక్కువ ఉడికితే కరిగి నీటిలో కలిసిపోతుంది, ఇక వంపడానికి ఏమీ మిగలదు. కుక్కరులో పెడితే నీరంతా పప్పే పీల్చుకుంటుంది, చక్కెర ఎక్కడికీ పోదు. అందుకని పొట్టు తీసిన పప్పును రాత్రి నానబెట్టి, ఉదయం ఆ నీరు పారబోసి, తేట నీరు వచ్చేదాకా కడుగుతాను. తరువాత వెడల్పాటి గిన్నెలో పప్పుకు అయిదారు రెట్లు నీరు పోసి, మూత పెట్టకుండా మరిగిస్తాను. పైన కట్టే నురగ తీసేస్తూ పొయ్యి దగ్గరే నిలబడాలి. ఎర్రటి గింజ అంచుల నుంచి పసుపు రంగుకు తిరుగుతుంది. మధ్యలో ఇంకా కాస్త ఎరుపు చుక్క మిగిలి, వేళ్ల మధ్య నొక్కితే మెదుగుతూ, గిన్నెలో మాత్రం విడివిడిగా ఉన్నప్పుడే దించి, సన్నని జల్లెడలో వంచి, పైన వేడినీళ్లు పోసి కడగాలి. ఆ క్షణం దాటితే వంపడం కుదరదు. కడిగిన పప్పులో కొత్తగా వేడినీళ్లు పోసి, ఇప్పుడు కుక్కరులోనైనా సరే, మెత్తగా ఉడికించి మెదుపుతాను.

వంచిన నీటితో కొంత ఫోలేట్, పొటాషియం కూడా పోతాయి. మాంసకృత్తులు మాత్రం చాలావరకు గింజలోనే ఉంటాయి. మొదటిసారి ఆ నీరు పారబోస్తుంటే అమ్మ చూడలేకపోయింది. "అంత బలం పారబోస్తున్నావేమిటే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ గ్లాసు కోసం ఆమె ఎన్ని మధ్యాహ్నాలు పొయ్యి దగ్గర గడిపిందో నాకు తెలుసు కనుక, కట్టు వల్లే నాకు బాధ వచ్చిందని ఆమెకు చెప్పలేదు. ఈ పద్ధతి కొత్తగా డాక్టరు చెప్పారని మాత్రం చెప్పాను. ఇప్పుడు నురగ తీసే పని ఆమే చేస్తోంది, నాకన్నా బాగా.

రుచి కోసం ఉల్లి, వెల్లుల్లి వేయడానికి లేదు. వాటిలో ఉండే ఫ్రక్టాన్లు కూడా ఇదే జాతి చక్కెరలు. కానీ ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. కనుక వెల్లుల్లి రెబ్బలను నూనెలో సన్నని సెగ మీద ఎర్రబడనిచ్చి, రెబ్బలన్నీ తీసేసి, ఆ నూనెతో తాలింపు పెడితే వాసన వస్తుంది, చక్కెర రాదు. రెబ్బలను నేరుగా పప్పులో వేసి తరువాత ఏరేస్తే లాభం లేదు, అప్పటికే నీటిలోకి దిగిపోతుంది. ఈ నూనెను ఏ పూటకు ఆ పూటే చేసుకోండి. సీసాలో పోసి బయట నిల్వ ఉంచితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. ఉల్లి బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు, తెల్లని గడ్డ భాగం వద్దు. ఇంగువ మంచిదే గానీ చాలా పొడులలో గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదివి కొనండి. జీలకర్ర, అల్లం, పసుపు నాకు ఏ ఇబ్బందీ పెట్టలేదు.

కొలత విషయంలో మొండిగా ఉండాలి. ఉడికి మెదిగిన పప్పు పావు కప్పుతో మొదలుపెట్టించారు. కొన్ని వారాలు అంతే తిని, కుదురుగా ఉన్నాక, మరే కొత్త పదార్థమూ చేర్చకుండా మూడు రోజులు కొద్దికొద్దిగా పెంచి చూసి, ఆగి, రాసుకున్నాను. ఫాడ్‌మ్యాప్ తగ్గించే పద్ధతిలో అన్నీ మానేసే తొలి దశ రెండు నుంచి ఆరు వారాలే. ఆ తరువాత ఒక్కొక్కటీ తిరిగి చేర్చి చూసుకోవాలి తప్ప జీవితాంతం అన్నీ మానేసి కూర్చోకూడదు. ఆల్ఫా గెలాక్టోసిడేస్ అనే ఎంజైము మాత్రలు భోజనంతో వేసుకుంటే పప్పులోని చక్కెరలు కొంతవరకు విడిపోతాయి. ఊరి ప్రయాణాలలో అవి నాకు ఆదుకున్నాయి. అవి ఉల్లి, వెల్లుల్లి ఫ్రక్టాన్ల మీద పనిచేయవు, పీచునూ ఏమీ చేయవు.

పేగు సన్నబడిందని స్కానులో ఉన్నవారు మాత్రం నా మాట పట్టుకుని పొయ్యి వెలిగించవద్దు, ముందు మీ డాక్టరును అడగండి. అలలుగా నొప్పి వస్తూ, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే అది పప్పు చేసిన పని అని ఎవరు నవ్వినా లేచి రావద్దు. పొట్ట మీద చెయ్యి వేసి చూడమని, ఎక్స్‌రే గానీ స్కాన్ గానీ తీయమని గట్టిగా అడగండి. ఆ ఆసుపత్రికి నేను జరిగినదంతా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆ డైటీషియన్‌కు మాత్రం ఒక గిన్నెడు పప్పు పట్టుకెళ్లి ఇచ్చాను. ఆమె నా ఎదుటే రుచి చూసి, వెల్లుల్లి ఎక్కడ వేశారని అడిగారు.

ప్రస్తుతం అరకప్పు దాకా వచ్చాను. తరువాతి స్కానులో సన్నబడిన చోటు ఎలా ఉందో చూసిన తరువాతే పొట్టుతో ఉన్న పప్పు సంగతి ఆలోచిద్దామని మా డాక్టరు గారు అన్నారు. అప్పటిదాకా పొట్టు తీసినదే నానబెడుతున్నాను.