మిద్దె మీద కాసిందీ, జాడీలోకి చేరిందీ

మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర చిన్న ఇల్లు. మిద్దె మీద 40 దాకా టబ్బులు, గ్రోబ్యాగులు ఉన్నాయి. పోయిన ఏడాది జనవరిలో టమాటాలు ఎక్కువై వీధంతా పంచిపెట్టాను. మే నెలలో అవే టమాటాలు బండి దగ్గర బేరమాడి కొనుక్కున్నాను. ఆ ఒళ్ళుమంటతో ఈ ఏడాది ఒక పని పెట్టుకున్నాను. తినగా మిగిలింది పంచే ముందు, దాచగలనేమో చూడాలి. ప్రతిసారీ పచ్చి తూకం, ఎండాక తూకం వంటింటి క్యాలెండర్ వెనక రాయాలి. ఆ రాతల్నే ఇక్కడ కాస్త విడమర్చి రాస్తున్నాను.

జనవరి 18

టమాటాతో మొదలుపెట్టాను. కోత 700 గ్రాములు. తెనాలిలో అమ్మకి ఫోన్ చేస్తే నిలవ పచ్చడికి కిలో ముక్కలకు 100 గ్రాముల కల్లుప్పు అని చెప్పింది. మా ఆయనకి బీపీ కదా అని సగమే వేశాను, 35 గ్రాములు. పసుపు కలిపి గాజు సీసాలో పెట్టాను. 21న ఇంకో 500 గ్రాములు వస్తే అందులోనే వేసి, చిటికెడు ఉప్పు చల్లాను. 24న 600 గ్రాములు, అవీ అందులోకే.

జనవరి 25

మూత తీస్తే బుస్సుమని నురగ. కల్లు వాసన. మొత్తం 1.8 కిలోలూ కంపోస్టు డ్రమ్ములో పోశాను.

అమ్మ నవ్వింది. "నిలవ పచ్చడికి బీపీ ఉండదే, ఉప్పు ఉండాలి. వడ్డించుకునేటప్పుడు తక్కువ వడ్డించుకో" అంది. ఆ తర్వాత చెప్పిన మాటే నాకు అసలు పనికొచ్చింది. వాళ్ళకి దొడ్లో గంపెడు ఒకేరోజు దిగేవట. ఒక పూట కూర్చుని అంతా కోసి ఉప్పులో వేసేవాళ్ళు. నాకేమో మూడు రోజులకో గుప్పెడు. మూడు వయసుల ముక్కలు ఒకే సీసాలో, పైగా ఉప్పు చాలక, ఉన్నాయి కాబట్టి పులిశాయి. గంప లెక్క గుప్పెడుకి పనికిరాదు.

అక్కడి నుంచి పద్ధతి మార్చాను. ఏ కోత వస్తే ఆ కోతని ఆరోజే నాలుగు చీలికలు చేసి, కిలోకి 20 గ్రాముల ఉప్పు రాసి, పళ్ళెంలో ఎండకి పెట్టడం. పైన దోమతెర. పచ్చడి సంగతి ముక్కలన్నీ పోగయ్యాక చూడొచ్చు. జనవరి ఎండకి 5 రోజులు పట్టింది. సన్నగా కోసినవి 4 రోజుల్లోనే అయ్యాయి. కిలోకి 85 గ్రాములు తేలింది. మొదటిసారి ఆ తూకం చూసి త్రాసు పాడైందేమో అనుకున్నాను. టమాటాలో 94 శాతం దాకా నీళ్ళేనని తర్వాత గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 9

పసుపు తవ్వాను. పోయిన జూన్‌లో 5 గ్రోబ్యాగుల్లో పెట్టినది, ఆకు పండి వాలిపోయింది. మట్టి కడిగాక 3.2 కిలోలు. 600 గ్రాములు విత్తనానికి నీడలో ఇసుకలో పాతిపెట్టి, 2.6 కిలోలు ఉడికించాను. తల్లి దుంపలు వేరు, కొమ్ములు వేరు. కలిపి ఉడికిస్తే కొమ్ములు చితికిపోతాయి, దుంపల లోపల పచ్చిగానే ఉంటుంది. కొమ్ములకు ముప్పావు గంట, దుంపలకు గంట దాటింది. చీపురుపుల్ల గుచ్చితే సులువుగా దిగాలి, అదే గుర్తు.

తప్పు ఎక్కడంటే, కొమ్ములు కొమ్ములుగానే ఎండబెట్టాను. 15 రోజులకి రాళ్ళలా అయ్యాయి. ఎండిన తూకం 520 గ్రాములు, సరిగ్గా అయిదో వంతు. పిండిమరకి తీసుకెళితే, "ఇంత కొంచెం పట్టము, పైగా మరలో ఇప్పుడు కారం ఉంది" అన్నాడు. మిక్సీలో వేస్తే జార్ బ్లేడు విరిగింది. చివరికి కింది వాటా ఆంటీ రోలు అరువు తెచ్చి దంచాను, రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు రోజులూ ఇంట్లో అందరం పెళ్ళివారిలా పచ్చగా తిరిగాం. ఉడికిన వెంటనే, మెత్తగా ఉన్నప్పుడే చక్రాల్లా కోసి ఎండబెడితే మిక్సీకి ఇబ్బంది లేదని ఇప్పుడు తెలిసింది. వచ్చే ఏడాదికి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకున్నాను.

మార్చి 2

పోగైన టమాటా ముక్కలు 255 గ్రాములు, అంటే 3 కిలోల పంట. ఆ రోజు కోసిన అర కిలో పళ్ళని ఉడికించి, ఆ వేడి రసంలోనే 300 గ్రాముల చింతపండు నానబెట్టాను. విడిగా నీళ్ళు చుక్క కూడా పోయలేదు. ఎండు ముక్కలు ఆ గుజ్జులో ఒక రాత్రి నానాక రుబ్బి, 250 గ్రాముల కారం, మెంతిపిండి కలిపాను. ఉప్పు ఈసారి ధైర్యంగా అమ్మ లెక్కే. మూడున్నర కిలోలకు 350, ముందే పడిన 60 తీసేస్తే 290 గ్రాములు. పోపు మాత్రం మొత్తానికి పెట్టలేదు. వారానికి సరిపడా చిన్న గిన్నెలోకి తీసి దానికే పెట్టుకుంటున్నాం. చింతకాయ తొక్కు, ఉసిరి తొక్కు ఇలాగే కదా ఉంచుతారు, ఉప్పూ పసుపుతో దంచి పక్కన పెట్టేసి, కావలసినప్పుడు తీసి కారమో పోపో కలుపుకుంటారు. మిద్దె తోటకి సరిపోయే పద్ధతి అదేనని నాకనిపిస్తోంది.

మార్చి 14

చల్ల మిరపకాయలు. లావు మిరప 8 మొక్కల నుంచి 600 గ్రాములు. తొడిమ ఉంచి, మధ్యలో గాటు పెట్టి, లీటరు పుల్ల మజ్జిగలో 60 గ్రాముల ఉప్పు వేసి మూడు రాత్రులు ఊరబెట్టాను. తర్వాత పగలు ఎండ, రాత్రి మళ్ళీ అదే మజ్జిగ. మజ్జిగ మొత్తం పీల్చుకునే దాకా ఇదే తంతు, నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత మూడు రోజులు ఉత్త ఎండ. తెల్లబడి, చేత్తో కదిపితే గలగలలాడాలి.

డబ్బాలో పోసిన పది రోజులకి నాలుగు కాయలకి బూజు కనిపించింది. విప్పి చూస్తే వాటికి గాటు సరిగ్గా పడలేదు, లోపల గింజల దగ్గర ఇంకా తడి. పైన గలగల, లోన చెమ్మ. ఆ నాలుగూ, వాటిని అంటుకుని ఉన్నవీ పారేసి, మిగతావి మళ్ళీ రెండు రోజులు ఎండబెట్టాను. బూజు దులిపి వాడేద్దాం అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ కంటికి కనిపించేది పైపైనే, దాని వేర్లు లోపలికి పోయి ఉంటాయి.

అప్పటి నుంచి ఏది ఎండబెట్టినా నేరుగా డబ్బాలోకి పోయడం లేదు. ముందు గాజు సీసాలో మూడొంతులు నింపి, వారం రోజులు వంటింటి గట్టు మీద ఉంచి, రోజూ ఒకసారి కుదుపుతున్నాను. అద్దానికి లోపల ఆవిరి పట్టినా, ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నా మళ్ళీ ఎండకే. వారం దాటాకే స్టీలు డబ్బా.

మార్చి 22

గోరుచిక్కుడు వరుగులు, 800 గ్రాములు. మరిగే ఉప్పునీళ్ళలో 3 నిమిషాలు వేసి తీసి, గుడ్డ మీద ఆరబెట్టి, ఎండకి. రెండు రోజుల్లో అయిపోయాయి. చెప్పడానికి ఇంకేం లేదు, అంత సులువు. కింది వాటా ఆంటీది కరీంనగర్, ఆవిడ ఒరుగులు అంటారు. వేయించి పప్పుచారులో నంజుకోమన్నారు.

ఏప్రిల్ 11

బూడిద గుమ్మడి. మెట్లగది కప్పు మీదకి పాకిన ఒక్క తీగకి డిసెంబర్‌లో రెండు కాయలు దక్కాయి. బూడిద చెరగకుండా, తొడిమ విరగకుండా కోసి తాడుతో కట్టి వేలాడదీశాను. నాలుగు నెలలు ఏ సేవా చేయకుండా అలాగే ఉన్నాయి. దాచడంలో నేను సాధించిన గొప్ప విజయం ఇదే, నేనేమీ చేయకపోవడం.

ఒక కాయ 4.5 కిలోలు. గింజలు తీసి, తొక్కతోనే చిన్న ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి పాత చీర గుడ్డలో మూటకట్టి, రాత్రంతా రుబ్బురోలు పొత్రం బరువు పెట్టాను. తెల్లారేసరికి గిన్నెడు నీళ్ళు దిగాయి. కిలో మినప్పప్పు, పచ్చిమిర్చి, ఇంగువ, జీలకర్ర. పప్పు రుబ్బడానికి నీళ్ళు కావాలంటే గుమ్మడి నుంచి దిగిన ఆ నీళ్ళే చిలకరించాలి, అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి పిండిలో వేసే ఉప్పు తగ్గించాలి. తెల్లవారి ఆరింటికే పెట్టడం మొదలుపెట్టాను. ఆలస్యమైతే పిండి పులిసి వడియం ఎర్రబడుతుంది.

మొదటి రోజు ఎండ బ్రహ్మాండం. రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో ఉండగా ఉరుములు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన పరిగెత్తాడు పాపం, కానీ ఒక ప్లాస్టిక్ షీటు లోపలికి వచ్చింది, రెండోది వడగళ్ళ పాలైంది. తడిసినవి రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టాను. పొద్దునకి అడుగున జిగట, పుల్లటి వాసన. వదిలేశాను. దక్కిన షీటు మీదవి ఎండాక 900 గ్రాములు.

రెండో కాయని ముట్టుకోలేదు. ఏప్రిల్‌లో హైదరాబాద్ మబ్బుని నమ్మకూడదు. పెడితే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లోనే పెట్టేయాలి.

మే 17

టెక్సాస్‌లో ఉన్న మా చెల్లి అక్కడి వాళ్ళలా బీన్స్ గాజు సీసాల్లో నీళ్ళు పోసి మూత బిగించి ఉడకబెట్టి దాచుకోమంది. ఒక సాయంత్రం దీని గురించి చదివి మానేశాను. బీన్స్, చిక్కుడు, బంగాళాదుంపల్లాంటి వాటిలో పులుపు ఉండదు. గాలి ఆడని సీసాలో పెరిగే క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు 100 డిగ్రీల మరుగుకి చావవు, 121 డిగ్రీల దాకా వేడి కావాలి. అది విడిచే విషానికి ఒక్కోసారి వాసనా ఉండదు, రంగూ ఉండదు. చెల్లి దగ్గర దానికోసమే చేసిన ప్రెజర్ క్యానర్ ఉంది, సీసా సైజుని బట్టి ఎన్ని నిమిషాలో చెప్పే పట్టిక ఉంది. మన ఇడ్లీ కుక్కర్‌తో ఆ ప్రయోగం నాకొద్దు. ఉప్పు, పులుపు, ఎండ, ఫ్రీజర్, ఈ నాలుగూ నాకు చాలు.

మే 30

గోంగూర, 900 గ్రాముల ఆకు. ఎర్ర గోంగూరే, పులుపెక్కువ. గోంగూర నిలవ పచ్చడి పాడయ్యేది ఎక్కువగా ఆకు తడి వల్లే. అందుకని ముందురోజు పొద్దున కడిగి, నీళ్ళు దులిపి, హాల్లో నూలు చీర పరిచి, ఫ్యాన్ కింద 24 గంటలు ఆరబెట్టాను. మధ్యలో రెండుసార్లు తిరగేయాలి. పిల్లలు ఆ రోజంతా గోడ వెంబడి నడిచారు. తర్వాత నూనెలో ముద్దయ్యే దాకా మగ్గించి, చింతపండు, ఉప్పు, ఎండుమిర్చి కారంతో కలిపి పింగాణీ జాడీలో నొక్కిపెట్టి, పైన వేలెడు నువ్వులనూనె నిలిచేలా పోసి వాసెన కట్టాను.

వెల్లుల్లి అందులో వేయలేదు. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లికి కూడా పైన చెప్పిన భయమే ఉంది. పచ్చడిలో ఉప్పూ పులుపూ ఉంటే ఫర్వాలేదంటారు కానీ, వాడుకునేంత తీసి పోపులో దంచి వేసుకుంటే రుచీ ఎక్కువే, టెన్షనూ లేదు.

జులై 6

ముసురు పట్టి వారం. డబ్బాలన్నీ దించి తనిఖీ చేశాను. టమాటా పచ్చడి బాగుంది. వడియాలు కాస్త మెత్తబడ్డాయి, బాణలిలో ఉత్తగా వెచ్చబెట్టి చల్లార్చి మళ్ళీ మూతపెట్టాను. పసుపుకి ఢోకా లేదు.

దెబ్బతిన్నది చిక్కుడు గింజలు. ఫిబ్రవరిలో ఎండిన కాయల నుంచి ఒలిచిన 700 గ్రాములు, గుప్పెడు వేపాకు వేసి డబ్బాలో పెట్టాను. ఇప్పుడు చూస్తే సగం గింజలకి గుండ్రటి చిల్లులు. పురుగు వేపాకు పక్కనే కాపురం పెట్టింది. తప్పు వేపాకుది కాదు. కాయ మొక్క మీద ఉండగానే ఈ పురుగు దాని మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోయి లోపలే ఉంటుంది. మనం డబ్బా మూత బిగించేసరికే అది లోపల ఉంది.

మిగిలిన మంచి గింజల్ని ఏరి, బాగా ఎండబెట్టి, జిప్ కవర్లో కట్టి ఫ్రీజర్‌లో 5 రోజులు ఉంచాను. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చే దాకా, నాలుగైదు గంటలు అలాగే వదిలేయాలి. లేకపోతే చల్లటి గింజల మీద గాలిలోని తడి చేరి, పురుగు పోయి బూజు వస్తుంది. విత్తనానికి కావలసినవి మాత్రం ఫ్రీజర్ జోలికి పోకుండా విడిగా జల్లెడ పట్టిన బూడిదలో కలిపి సీసాలో పెట్టాను.

జులై 20

ఇన్నాళ్ళూ మిద్దె తోటలో నేను పాటించిన సూత్రం, టమాటా నారు 15 రోజులకొకసారి మూడు విడతలుగా పోయడం. రోజూ కూరకి నాలుగు కాయలు అందాలని. తినడానికి అది సరైనదే. దాచడానికే అదే అడ్డం. జనవరిలో నాకు మూడు వయసుల ముక్కలు ఒకే సీసాలో చేరింది దానివల్లే.

అందుకని ఈసారి టమాటాకి ఉంచిన 16 టబ్బుల్లో 4 మాత్రం పాత పద్ధతికి వదిలాను. మిగతా 12 టబ్బులకి ఒకే రకం, కొమ్మలు సాగకుండా గుబురుగా పెరిగి దాదాపు ఒకేసారి కాసి ఆగిపోయే రకం. నారు సెప్టెంబర్ మొదటివారంలో ఒకేరోజు పోస్తాను. జాడీ ఇప్పుడున్నది రెండు కిలోలది. అయిదు కిలోలది చూసి పెట్టమని అమ్మకి చెప్పాను, తెనాలిలో పాత సామాన్ల అటక ఎక్కడానికి ఎవరినైనా పిలవాలంది.