నాన్న ఉంగరం, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం

పక్షవాతం వచ్చి నాన్నకి ఎడమ చెయ్యి పడిపోయిన రెండో నెలలో ఫిజియోథెరపిస్ట్ ఇంట్లో పెద్ద అద్దం ఉందా అని అడిగాడు. "అద్దంలో చూసుకుంటే చెయ్యి లేస్తుందా బాబూ?" అంది అమ్మ. నాకూ అదే డౌటు, పైకి అనలేదంతే.

పాత డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఊడదీసి, అంచులకి కరెంటు టేపు చుట్టి, బల్ల మీద నాన్న రెండు చేతుల మధ్య అడ్డుగోడలా నిలబెట్టాం. పడిపోయిన చెయ్యి అద్దం వెనకాల, కుడిచెయ్యి ముందర. కుడిచేతి పిడికిలి మూసి తెరుస్తూ అద్దంలోకే చూస్తుంటే, అక్కడ ఎడమ చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది. వెనకున్న చేతిని కూడా అలాగే కదపాలని గట్టిగా అనుకోవాలి. చెయ్యి తీసేశాక కూడా ఆ లేని చేతిలో నొప్పి అని బాధపడేవాళ్ల కోసం, తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ అమెరికాలో 1990లలో మొదలుపెట్టిన ఉపాయం ఇది. 1999లో తొమ్మిది మంది పక్షవాతం పేషెంట్ల మీద వాడి చూశారు.

అసలు తిప్పలు ఉంగరం దగ్గర వచ్చాయి. కుడిచేతికి పగడపు ఉంగరం ఉంటే అద్దంలోనూ కనిపిస్తుంది, ఎడమ చేతికి అది లేదని మెదడుకి తెలుసు, ఇంకేం నమ్ముతుంది? ముప్పై ఏళ్లుగా తీయని ఉంగరం, సబ్బు నురగ రాసి తిప్పితే గానీ రాలేదు, కింద వేలు తెల్లగా పాలిపోయి ఉంది. గుళ్లో కట్టిన ఎర్రదారం తెంపడానికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. ఎడమ మణికట్టుకీ అలాంటిదే ఇంకోటి కట్టేసింది! ఫిజియో నవ్వి, ఇదే కరెక్ట్ అమ్మా అన్నాడు.

రోజూ అరగంట. వినడానికి తేలికే గానీ పది నిమిషాలకే నాన్న చూపు టీవీ మీదికి పోయేది. విసుగు, కోపం, ఒకరోజు అద్దాన్ని పక్కకి తోసేశారు కూడా. నాలుగో వారంలో చూపుడువేలు కొంచెం ముడుచుకుంది. మామూలు ఎక్సర్‌సైజులు కూడా నడుస్తున్నాయి కాబట్టి అంతా అద్దం మహిమే అని నేను చెప్పను. వైద్య పరిశోధనలని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2018లో 62 అధ్యయనాలని కలిపి చేసిన సమీక్ష కూడా కదలిక మెరుగుపడుతుందనే అంది, మిగతా వైద్యానికి తోడుగా వాడొచ్చంది.

ఇప్పుడు గ్లాసు పట్టుకుంటున్నారు, ఖాళీదైతేనే. చొక్కా గుండీలు ఇంకా అమ్మే పెడుతోంది. ఉంగరం దేవుడి గూట్లోనే ఉంది, అడిగితే "అద్దం పని అవనీ" అంటారు.